ఎడమచేతి మూడు చుట్లు

“చెవులు చూడండి మేడమ్,” అన్నాడు ఎస్సై లోకనాథ్, లాకప్ ఊచల మధ్యనుంచి పెన్ను దూర్చి చూపిస్తూ. “తమ్మెలు చెంపలకి అతుక్కుపోయి ఉన్నాయి. చేతులు చూడండి, ఇంచుమించు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పైగా ఎడమచేతివాటం. పుస్తకంలో రాసినవాడు లేచొచ్చినట్టున్నాడు.”

కృపారాణి చెవులు చూడలేదు. గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై.

లోపల నేలమీద కూర్చున్న గణేష్‌బాబుని నిన్న సాయంత్రం ఐదింటికి పట్టుకున్నారు. ఇవాళ ఐదింటిలోగా నరసాపురం తీసుకెళ్ళి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ రిమాండు పడిందంటే, ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న ప్రొఫెసరు కన్నుమూసిన రోజున ఇది హత్య కేసు అవుతుంది. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసుకుని బతికేవాడికి హత్య కేసులోంచి బయటపడే దారి చూపించేవాడు ఎవడూ ఉండడు. అందుకే అతని భార్య నాగదుర్గ తెల్లవారి మొదటి బస్సుకి రాజమండ్రి వచ్చి కృపారాణి డిటెక్టివ్ ఆఫీసు మెట్లమీద కూర్చుంది.

పద్దెనిమిదేళ్ళు వేలిముద్రల విభాగంలో చేసి బయటికొచ్చిన మనిషి కృపారాణి. లోకనాథ్ చెప్పే పుస్తకమేదో ఆమెకి తెలుసు. నూటయాభై ఏళ్ళ కిందట ఇటలీలో ఒక జైలు డాక్టరు ఖైదీల పుర్రెలు కొలిచి, నేరస్థుడు తయారవడు, పుడతాడు అని తేల్చాడు. చెవులు, దవడ, చేతుల పొడవు, ఎడమచేతివాటం, ఇవన్నీ గుర్తులన్నాడు. పోలీసు కాలేజీలో మొదటి పాఠంగా అది చెప్పి, రెండో పాఠంలో అది తప్పని చెబుతారు. దూరవిద్యలో క్రిమినాలజీ డిప్లొమా చేసిన లోకనాథ్ మొదటి పాఠం దగ్గరే ఆగిపోయాడు. ఆ పాఠాన్ని ఇప్పుడు సెల్‌ఫోన్లోకి కూడా ఎక్కించాడు. ముఖం ఫోటో తీస్తే నేరం చేసే అవకాశం ఎంత శాతమో చెప్పే యాప్ ఒకటి చూపించాడు. గణేష్‌బాబుకి డెబ్బైనాలుగు శాతం వచ్చింది.

“ఆ ఇంట్లో మిగతావాళ్ళ ఫోటోలు తీశారా?” అడిగింది కృపారాణి.

“పెద్దింటివాళ్ళని నిలబెట్టి ఫోటోలు ఎలా తీస్తామండి?”

జరిగింది ఇదీ. లంకమెరకలో లేసు వ్యాపారం చేసే రామలక్ష్మి గారి మేడమీద గదిలో నెలరోజులుగా శివరామకృష్ణ అనే రిటైరైన సోషియాలజీ ప్రొఫెసరు అద్దెకుంటున్నాడు. తెల్లదొరల కాలంలో కొన్ని కులాలకి కులాలనే పుట్టుదొంగలని రాసి, వాళ్ళ తలలు కొలిచి, వేలిముద్రలు తీసి, ప్రతి రాత్రీ హాజరు వేయించుకునేవారు. ఈ ప్రాంతంలో అలా కొలిచిన కుటుంబాల రిజిస్టరు ఒకటి ఆయనకి పాత బీరువాలో దొరికింది. దాంట్లో గణేష్‌బాబు ముత్తాత పేరుంది. నిన్న మధ్యాహ్నం ఆయన తలమీద ఎవరో రాయితో కొట్టారు. రిజిస్టరు మాయమైంది. రెండూ నలభైకి కేకలేసి జనాన్ని పిలిచింది గణేష్‌బాబే. అప్పటికే అతని చొక్కానిండా రక్తం.

ముత్తాత దొంగల జాబితాలో ఉన్నాడని ఊరికి తెలిసిపోతుందన్న భయంతో పుస్తకం కాజేసి, అడ్డొచ్చినాయన్ని కొట్టాడని లోకనాథ్ వాదన. దెబ్బ ఎడమ కణత మీద పడింది. ప్రొఫెసరు తలుపుకి వీపు పెట్టి రాసుకుంటాడు. దొంగ వెనకనుంచి వస్తాడు. వెనకనుంచి ఎడమవైపు కొట్టాడంటే ఎడమచేతివాడు. లెక్క సరిపోయిందని చేతులు దులుపుకున్నాడు.

కృపారాణి ఊచల ముందు పీట వేయించుకుని కూర్చుంది. గణేష్‌బాబు ఆమె అడిగినవాటికి తల వంచుకుని జవాబులు చెప్పాడు. పదకొండు చెట్లు దింపానన్నాడు. ఆఖరి చెట్టు మేడ కిటికీ పక్కనే ఉందని, పైకెక్కాక కిటికీలోంచి మాస్టారు నేలమీద పడి కనిపించారని, దిగి పరిగెత్తి ఒళ్ళోకి తీసుకున్నానని చెప్పాడు. ముత్తాత పేరు సంగతి నెలక్రితమే మాస్టారు తనకి చెప్పారట.

“సిగ్గనిపించలేదా?”

“ఎందుకండి? తాడిచెట్టుకింద పాలు తాగినా కల్లే అంటారు లోకులు. మా ముత్తాత దొంగ కాదురా, దొంగని రాశారంతేనని మాస్టారు చెప్పారండి. ఆ పుస్తకం ఉంటే నాకే మంచిది కదండి.”

“మధ్యలో మేడమీదకి ఎవరైనా వెళ్ళడం చూశావా?”

చూడలేదన్నాడు. ఇంట్లో రామలక్ష్మి గారు తప్ప ఎవరూ లేరని, ఆవిడ కింద వసారాలో అల్లుకుంటూ కూర్చున్నారని తనే చెప్పాడు. ఆ మాటతో తన మెడకి తనే ఉరి బిగించుకుంటున్నానని అతనికి తోచనే లేదు. ఎప్పుడు చూశావని అడిగితే, చెట్టు సగంలో ఉండగా నాగదుర్గ ఫోన్ చేసిందన్నాడు. కృపారాణి అతని ఫోన్ తెప్పించి చూసింది. ఒంటిగంటా యాభైరెండు.

“ముఖం కనిపించిందా?”

“వీపు, ఎడం మోచెయ్యి కనిపించాయండి. ఆకుపచ్చ చీర, తలమీద కొంగు. ఆయ్, అమ్మగారు కూడా నాలాగే ఎడంచేత్తో అల్లుతుంటే ముచ్చటేసిందండి. ఎడంచేత్తో తింటున్నానని మా అయ్య నాకు వాత పెట్టాడు. ఇంత పెద్దింట్లోనూ ఉన్నారు కదా అనుకున్నా.”

లోకనాథ్ అప్పటికే ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. కృపారాణి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. బయటికి నడుస్తూ ఆ మాటని మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

పన్నెండూ ఐదుకి ఆమె మేడమీద గదిలో ఉంది. తలుపుకి వెయ్యి తాళాలున్నా ఉపయోగం లేదు, దాన్ని గాలికి కొట్టుకోకుండా ఆపే రాయే ఆయుధమైంది. రాయిని తడిగుడ్డతో తుడిచేశారు. వేలిముద్రలు లేవు. పుట్టుదొంగకి అంత తీరిక ఎక్కడిది?

బల్ల కిటికీవైపు ఉంది. బల్లమీది కాగితాలమీద ఒక్క రక్తపు చుక్క లేదు. రక్తమంతా కుర్చీకీ మంచానికీ మధ్య నేలమీద ఉంది. కుర్చీ మంచంవైపు తిరిగి ఉంది. మంచంమీది దుప్పటి ఒక అంచున మాత్రం నలిగి ఉంది. ఎవరో కూర్చున్నారు, ఎంతోసేపు కాదు.

ఆమెని ఆపినవి కళ్ళజోళ్ళు. రెండున్నాయి. మందంగా ఉన్న చదువుకునే జోడు మడిచి కాగితాలమీద పెట్టి ఉంది. నేలమీద పగిలిపోయింది దూరపు చూపు జోడు. చదువుకుంటున్నవాడు చదువు జోడు తీసి, దూరపు జోడు పెట్టుకుని, కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడంటే, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాడు. మొహంలో మొహం పెట్టి మాట్లాడే మనిషికి ఎడమ కణతమీద దెబ్బ పడాలంటే, ఎదుటివాళ్ళు కుడిచేతివాళ్ళై ఉండాలి.

దొంగ వెనకనుంచే వస్తాడని లోకనాథ్ ముందే అనుకున్నాడు. అందుకే అతనికి ఎడమచెయ్యి దొరికింది.

చదువు జోడు కింద నోటుపుస్తకం తెరిచి ఉంది. ప్రొఫెసరు రాతలో చివరి నాలుగు వాక్యాలు ఆమె రెండుసార్లు చదివింది.

‘ముందు వచ్చినవాళ్ళు పుర్రె కొలిచి నేరం ఒంట్లో ఉందన్నారు. తరవాత వచ్చినవాళ్ళు అది తప్పని చెప్పి, ఊరికి పటం గీసి, నేరం పేటలో ఉందన్నారు. రెండో మాట మొదటిదానికంటే నయమే. కాని టేపు మారింది తప్ప, ఇద్దరూ కొలిచింది బీదవాళ్ళనే.’

కృపారాణికి ఎక్కడో చురుక్కుమంది. పొద్దున బస్సు దిగినప్పుడు ఆమె కూడా ముందుగా అడిగింది గణేష్‌బాబుకి అప్పులున్నాయా, తాగుతాడా అనే. పెద్దింటివాళ్ళ గురించి అలా అడగాలని ఆమెకీ తోచలేదు.

రామలక్ష్మి గారు మజ్జిగ గ్లాసుతో తనే పైకొచ్చింది. యాభై దాటిన మనిషి. తొమ్మిది ఊళ్ళలో మూడువందలమంది ఆడవాళ్ళు ఆవిడిచ్చిన దారంతో లేసు అల్లుతారు. ఎండలో వచ్చారు దాహం పుచ్చుకోండి అంటూ గ్లాసు అందించింది. కుడిచేత్తో. గ్లాసు ఎవరైనా కుడిచేత్తోనే అందిస్తారు, అందుకని కృపారాణి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాగితం ఇచ్చి సంతకం చెయ్యమంది. అదీ కుడిచేత్తోనే చేసింది.

ఒంటిగంటన్నర నుంచి గణేష్ కేకలేసేదాకా వసారాలోంచి లేవలేదని, ఎదురుకొట్టు అప్పాజీ గారిని అడగమని ఆవిడ చెప్పింది. విదేశీ పార్టీకి పంపాల్సిన శాంపిల్ అల్లుతున్నానని, ఆ లేసు ముక్కని ఎస్సై గారు అప్పుడే చేతిలోంచి తీసుకుని సీలు వేసి పట్టుకెళ్ళారని కూడా చెప్పింది.

“ప్రొఫెసరు గారు ఒంటిగంటా ఇరవైకి హైదరాబాదులో వాళ్ళమ్మాయికి ఫోన్ చేశారండి,” అంది కృపారాణి. “ఇందాక ఆ అమ్మాయే నాకు చెప్పింది. పద్దెనిమిది నిమిషాలు మాట్లాడారు. రిజిస్టర్లో ముప్ఫైఆరు పేర్లూ ఒక్క చేతిరాతతో, ఒక్కరోజున రాసినవేనన్నారట. ఆ ముప్ఫైఆరుగురూ గోదావరి లంకలో సొంత పొలం దున్నుకునేవాళ్ళట. దొంగలని రాయగానే వాళ్ళని గార్డులతో వేరే చోటికి తరలించారు. పొలాలు ఖాళీ అయ్యాయి. కింద సాక్షి సంతకం ఊరి మునసబుది.”

“పాత కాగితాలండి. చెదలు పట్టినవి. ఎవరిక్కావాలి ఇప్పుడు?”

“మునసబు మీ మామగారి తండ్రిగారేనటగా?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారని అంటారు గాని, రామలక్ష్మి గారు భుజాలు తడుముకునే రకం కాదు. ఖాళీ గ్లాసు అందుకుంది. “ఇంకాస్త పోయమంటారా?” అంది. కిటికీలోంచి లంకవైపు ఆవిడ కొబ్బరితోట కనిపిస్తోంది, కనుచూపు మేరా.

ఎదురుకొట్టు అప్పాజీ పప్పు కట్టిస్తూనే జవాబులు చెప్పాడు. వసారా ముందువైపు చెక్క జాలీ ఉంటుందని, అందులోంచి ఆకుపచ్చ చీర కనిపిస్తూనే ఉందని, లేచి వెళ్ళినట్టు లేదని చెప్పాడు. ఓసారి గిరాకీ వచ్చి లోపల గోదాంలోకి వెళ్ళానని, ఎంతసేపో గుర్తులేదని తరవాత ఒప్పుకున్నాడు.

“ముఖం చూశారా?”

“అదేంటండి, అమ్మగారి ముఖంలోకి చూస్తూ కూర్చుంటామా? తల వంచుకుని అల్లుకుంటున్నారు.”

“ఊళ్ళో ఎడంచేత్తో అల్లేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“తబితొక్కర్తేనండి. చర్చి వెనక వీధి. ఆవిడ అల్లిక అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటదని ఆడాళ్ళు నవ్వుకుంటారు. అమ్మగారి దగ్గరే చేస్తది.”

ఒంటిగంటా యాభైకి కృపారాణి మళ్ళీ స్టేషన్లో ఉంది. సీలు తీయించి లేసు ముక్క బల్లమీద పరిపించింది. అరచేతికి రెండింతలున్న గుండ్రటి ముక్క. ఆమె తల్లి నరసాపురంలో ఇరవై ఏళ్ళు లేసు అల్లి కళ్ళు పోగొట్టుకున్న మనిషి. కొక్కెం సూది పట్టుకున్న చేతిని చూడకుండా అల్లిక చూసి అల్లినవాళ్ళ పేరు చెప్పేది.

నడిమి పువ్వు నుంచి పదకొండు చుట్లు ఒకవైపు వాలి ఉన్నాయి. తరవాత మూడు చుట్లు దానికి ఎదురువైపు వాలాయి. బిగువుగా, సమంగా, మంచి పనివాళ్ళ చేతివి. ఆ పైన చుట్టున్నర మళ్ళీ మొదటివైపే వాలింది, కాని వదులుగా, కన్నాలు ఎగుడుదిగుడుగా ఉంది. చేతులు వణికినట్టు.

ఆమెకి మొత్తం బొమ్మ కట్టినట్టు కనిపించింది. ఎవరినో అక్కడ కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోమనే చెప్పి ఉంటారు, అల్లమని కాదు. కాని పదేళ్ళ వయసు నుంచి సూది పట్టినదాని ఒళ్ళో దారం, సూది, సగం ముక్క పెట్టి గంటసేపు ఊరికే కూర్చోమంటే కూర్చోగలదా? చేతులు వాటంతటవే కదిలిపోతాయి. లేసు ఊళ్ళలో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. తిరిగొచ్చిన ఆవిడ ఆ కంగారులో ముక్కని సరిగా చూడకుండానే అల్లడం మొదలుపెట్టింది. విప్పి సరిచేసుకునే లోపల లోకనాథ్ సాక్ష్యమని పట్టుకుపోయాడు.

మూడు చుట్లంటే మంచి పనిదానికి ముప్పావుగంట.

అప్పుడే ఆమె తప్పు చేసింది. రెండేళ్ళ కిందట ఒక కేసులో లోకనాథ్ ఆమె రిపోర్టుని పదిమందిలో చించేశాడు. ఆ పాతబాకీ తీర్చుకునే ఉత్సాహంలో కళ్ళజోళ్ళ సంగతి, కుడిచేతి సంగతి, మూడు చుట్ల సంగతి, ఒక్కొక్కటే బల్లమీద పెట్టి చెప్పేసింది. ఆఖర్న తబిత పేరు కూడా చెప్పింది.

“అంటే నేను చెవులు కొలుస్తుంటే మీరు కుట్లు కొలుస్తున్నారు,” అన్నాడు లోకనాథ్.

“చెవులు దేవుడిచ్చినవి లోకనాథ్ గారూ. కుట్లు మనిషి వేసినవి.”

అతను నవ్వి ఫోన్ తీశాడు. ఆమె ఆపేలోపలే రామలక్ష్మి గారికి కలిపి, ఎంతో మర్యాదగా, నిన్న మీ లేసులో ఎడమచేతి అల్లిక ఉందటండి, తబిత గాని మీ దగ్గర కూర్చుందా అని అడిగేశాడు. అవతలనుంచి ఏం చెప్పారో గాని తల ఊపి పెట్టేశాడు. అప్పుడు రెండూ పది. తరవాత ఆమె చెప్పినదంతా రాసివ్వమన్నాడు. రాసిచ్చింది. అర్థం కాలేదని మళ్ళీ రాయించాడు. పేజీ పేజీకీ సంతకం పెట్టమన్నాడు. రెండూ యాభైఐదయ్యింది.

చర్చి వెనక వీధిలో తబిత ఇంటికి తాళం వేసి ఉంది. ఫోనొచ్చిందని, ఏడ్చుకుంటూ స్టేషను దారిన పోయిందని పక్కింటావిడ చెప్పింది. కృపారాణి వెనక్కి పరిగెత్తింది.

లోకనాథ్ బల్లముందు నలభై ఏళ్ళ సన్నటి మనిషి నిలబడి ఉంది. చెప్పడం అప్పటికే అయిపోయినట్టుంది. రైటరు చదివి వినిపిస్తున్నాడు. తబిత అను నేను మజ్జిగ ఇచ్చే నెపంతో మేడమీదికి వెళ్ళి, డబ్బున్న సంచి అనుకుని రిజిస్టరు సంచి తీయబోగా, ప్రొఫెసరు గారు కదలగా, వెనకనుంచి రాయితో ఎడమచేత్తో కొట్టాను.

“ఎడమచెయ్యి అన్నానా లేదా?” అన్నాడు లోకనాథ్, కృపారాణి వైపు తిరిగి. “మనిషి మారాడు గాని సిద్ధాంతం మారలేదు. పైగా పేదరాలు, మొగుడు లేడు, చాలీచాలని కూలి. బీదతనమే నేరం చేయిస్తుందనే మీవాళ్ళ సిద్ధాంతం కూడా సరిపోయింది. ఇద్దరం గెలిచాం మేడమ్.”

లాకప్ తలుపు తీశారు. గణేష్‌బాబు బయటికొచ్చి ఆమెకి వంగి దణ్ణం పెట్టాడు. నాగదుర్గ ఆమె చేతులు రెండూ కళ్ళకద్దుకుంది. ఆ దణ్ణాల మధ్యనుంచి కృపారాణి తబితనే చూస్తోంది. పోలీసుల ముందు చెప్పిన మాట కోర్టులో చెల్లదు. కాని మేజిస్ట్రేటు ముందు తనంతట తాను చెబితే చెల్లుతుంది.

ఆడమనిషిని తరలించే ముందు సోదా చెయ్యాలి, మహిళా కానిస్టేబులు సెలవులో ఉంది కదా అని గుర్తుచేసి, ఆ పని తను చేస్తానంది కృపారాణి. లోకనాథ్ గెలిచిన ఉత్సాహంలో సరేనన్నాడు. పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

“నిన్న నువ్వు మేడెక్కలేదు. వసారాలో కూర్చున్నావు. అవునా?”

తబిత తలుపు వైపు చూసింది.

“నీ చేతి కుట్లు నేను చూశాను తల్లీ. అంత నిదానంగా అల్లిన మనిషి పైన ఎవరినీ కొట్టలేదు.”

“అమ్మగారు ఫోటో తీయిస్తానని, తన చీర కట్టుకుని కూర్చోమన్నారండి,” అంది తబిత. “ఫారిన్ వాళ్ళకి పంపాలన్నారు. ఫోటో ఆయన రాలేదు. ఎందుకో నాకు అప్పుడు తెలీదండి.”

“ఇప్పుడు తెలిసింది కదా. మరి ఇదేంటి?”

తబిత జాకెట్లోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది.

“మా శ్రీదివ్యని కాలేజీ నుంచి అమ్మగారు కార్లో ఎక్కించుకున్నారండి. స్కాలర్‌షిప్ పనుందని చెప్పారంట. అది నవ్వుకుంటా ఎక్కేసింది. మేజిస్ట్రేటు గారి ముందు కూడా ఇలాగే చెప్పాలంట. చెప్పాక దాన్ని ఇంటిదగ్గర దింపుతారంట. మీరు ఎవరికన్నా చెబితే దింపరంటండి.”

ఫోన్లో ఒక ఫోటో ఉంది. మూడూ ఇరవైఒకటికి వచ్చింది, నాలుగు నిమిషాల కిందట. పద్దెనిమిదేళ్ళ పిల్ల కారుకి ఆనుకుని నిలబడి నవ్వుతోంది. కారు రోడ్డుమీద లేదు. రేవులో బళ్ళని దాటించే పంటుమీద ఉంది. వెనక అటూ ఇటూ గోదావరి. పంటు అప్పటికే సగం పైన దాటేసింది. అవతలిగట్టు ఈ స్టేషను పరిధి కాదు, అసలు ఈ జిల్లాయే కాదు.

బయట జీపు స్టార్టయింది. లోకనాథ్ తలుపు తడుతున్నాడు.